‘ఇంట్లో చెప్పకు’

కిందటేడు సెప్టెంబరు క్లోజింగ్ హడావిడిలో ఉండగా, ఒక రాత్రి పదిన్నరకి నా బ్యాచ్‌మేట్ ఫోన్ చేశాడు. ప్రొబేషనరీ ఆఫీసర్లుగా ఒకే రోజు చేరినవాళ్లం. ట్రైనింగ్ కాలేజీలో ఇద్దరిదీ ఒకే గది. ఇప్పుడతను ఉత్తరాదిలో ఒక బ్రాంచికి మేనేజరు. “ఒరేయ్, ఒక కస్టమర్ విషయం. వాళ్లబ్బాయి దగ్గర ఎవరో యూపీఐలో డబ్బు గుంజుతున్నారట. ఏం చెయ్యమంటావు?” అన్నాడు. నేను కొన్నాళ్లు డిజిటల్ ఫిర్యాదుల డెస్కు చూశాను కాబట్టి అలవాటు ప్రకారం అడగడం మొదలుపెట్టాను. ఎన్ని లావాదేవీలు, ఎంతెంత, ఏ తేదీ నుంచి, ఎవరి పేరు మీదికి వెళ్లింది? నాలుగో ప్రశ్న దగ్గర అవతల మాట ఆగిపోయింది. కస్టమర్ ఎవరూ లేరు. అతని కొడుకే.

ఈ వ్యాసం అతనికీ, అబ్బాయికీ చూపించి, ఇద్దరూ సరే అన్నాకే పత్రికకి పంపుతున్నాను. ఊరు, తరగతి, మొత్తాలు మార్చాను. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. ఇలాంటి కేసుల్లో పిల్లల పేరు, బడి, కుటుంబం, ఉండే పేట ఏదీ ఏ పత్రికలోనూ బయటపడకూడదని పోక్సో చట్టం చెబుతోంది. కాబట్టి చదివాక ‘ఎవరై ఉంటారబ్బా’ అని వాట్సాప్ గ్రూపుల్లో ఆరా తీయకండి, దయచేసి.

జూన్‌లో ట్రాన్స్‌ఫర్. మన ఇళ్లలో ఇది మామూలే. సామాను లారీ ఎక్కించి, టీసీ తీసుకుని, కొత్త ఊళ్లో బడి వెతికి, నెల తిరిగేసరికి మనం బ్రాంచిలో పడిపోతాం. పిల్లాడికి మాత్రం భాష కొత్త, క్లాసు కొత్త, సాయంత్రం ఆడుకోవడానికి ఎవరూ లేరు. తొమ్మిదో తరగతి చదివే ఈ అబ్బాయి ఫోన్లో ఒక ఆట మొదలుపెట్టాడు. అందులో నలుగురు జట్టుగా ఆడతారు, ఆడుతూ మాట్లాడుకోవచ్చు. జట్టులో ఒక ‘అమ్మాయి’ కలిసింది. తనదీ తొమ్మిదే, తన నాన్నకీ ట్రాన్స్‌ఫర్లే అంది. రెండు వారాలు ఆట గురించి, పరీక్షల గురించి తప్ప ఇంకో మాట లేదు. తర్వాత ఆట వదిలి ఇన్‌స్టాగ్రామ్‌లోకి రమ్మంది. అక్కణ్ణుంచి మెసేజిలు వాటంతటవే చెరిగిపోయే మరో యాప్‌లోకి. “మా నాన్న కూడా స్ట్రిక్టే. మన సంగతి ఇంట్లో చెప్పకు” అంది. తర్వాత ఒక ఫోటో పంపింది. బదులుగా వాడిదీ అడిగింది.

వాడు పంపిన పది నిమిషాలకి అవతల అమ్మాయి లేదు. వాడి ఇన్‌స్టాగ్రామ్ పరిచయాల జాబితాకి స్క్రీన్‌షాట్ తీసి పంపారు. అందులో పిన్ని కూతురు, పాత బడి స్నేహితులు, తల్లి ఉన్నారు. “రెండు వేలు పంపు, లేకపోతే అందరికీ వెళ్తుంది.” తల్లి ఫోను హాల్లోనే ఉంటుంది. యూపీఐ పిన్ వాడికి తెలుసు, పాల ప్యాకెట్లు తెచ్చేది వాడే కదా. తొమ్మిది రోజుల్లో ఏడుసార్లు పంపాడు.

మూడోసారికే నా మిత్రుడి కంట్లో ఎస్సెమ్మెస్ పడింది. ఆటలో తుపాకులో, డైమండ్లో కొన్నాడనుకున్నాడు. ఒక్కటిచ్చి, ఫోను లాక్కుని బీరువాలో పెట్టాడు. వాడు నోరు విప్పలేదు. బెదిరింపులు మాత్రం ఆగలేదు. క్లాసులో ఒకడి ఫోను అడిగి తీసుకుని మాట్లాడాడు. అర్ధరాత్రి తల్లి ఫోను తీసి ఇంకో నాలుగుసార్లు పంపాడు. చివరికి తిండి మానేసి కూర్చుంటే తల్లి కనిపెట్టింది.

మిత్రుడు తరవాత నాతో అన్న మాట ఒకటుంది. “నేను ‘దేనికిరా’ అని అడిగాను. ‘ఎవరికిరా’ అని అడగాల్సింది.” అతను చెప్పింది మన వృత్తికి సంబంధించిన తేడానే. ఆటలో సరుకు కొంటే డబ్బు ఒక వ్యాపార సంస్థకి వెళ్తుంది. ఈ ఏడూ వెళ్లింది ఊరూ పేరూ తెలియని వ్యక్తుల ఖాతాలకి, ఒక్కోసారి ఒక్కో పేరు. అదే వరస కౌంటర్ అవతల కస్టమర్ స్టేట్‌మెంట్‌లో కనిపించి ఉంటే, మనవాడు రెండో ఎంట్రీకే పట్టేసేవాడు. ఇంట్లో ఎస్సెమ్మెస్ చూసినప్పుడు మనం తండ్రులం అయిపోతాం, బ్యాంకర్లం కాము.

ఇక్కడ ఒక సంగతి మనలో చాలామందికి కొత్త. ఆన్‌లైన్ భయం అనగానే ఆడపిల్లల తల్లిదండ్రులే ఉలిక్కిపడతారు. మగపిల్లాడి గదిలో లైటు రాత్రి రెండింటిదాకా వెలుగుతున్నా ‘ఆడుకుంటున్నాడులే’ అనుకుంటాం. ఆడపిల్లలకి ప్రమాదం తక్కువేమీ కాదు. వాళ్ల దగ్గర ఎక్కువగా ఇంకా ఫోటోలు, ఇంకా వీడియోలు గుంజుతారు, కలవమంటారు. డబ్బు కోసం చేసే బెదిరింపులో మాత్రం ఎక్కువగా చిక్కుతున్నది టీనేజీ మగపిల్లలేనని అమెరికాలో పిల్లల రక్షణ చూసే ఎన్‌సీఎంఈసీ అనే సంస్థ, అక్కడి ఎఫ్‌బీఐ రెండూ హెచ్చరించాయి. మనకి ఆ సంస్థతో సంబంధం ఉంది. సోషల్ మీడియా కంపెనీలు తమ దగ్గర పట్టుబడిన ఇలాంటి సామగ్రి వివరాలు ఆ సంస్థకి పంపుతాయి. వాటిలో భారతదేశానికి సంబంధించినవి 2019లో కుదిరిన ఒప్పందం ప్రకారం మన జాతీయ నేర గణాంక సంస్థ ఎన్‌సీఆర్‌బీకి, అక్కణ్ణుంచి రాష్ట్రాల పోలీసులకి చేరుతున్నాయి.

ఎంబీఏలో సేల్స్ ఫనెల్ అని ఒకటి నూరిపోసేవారు. పైన వెయ్యిమందిని పోస్తే కింద పదిమంది కొంటారు. ఈ నేరగాళ్ల పనీ అదే పద్ధతి. ‘హాయ్’ అని వందలమందికి పంపుతారు. బదులిచ్చిన వాళ్లలో ఒంటరిగా ఉన్నవాడెవడు, ఇంట్లో కోపతాపాలున్నవాడెవడు, కొత్త ఊరికి వచ్చినవాడెవడు అని చూస్తారు. పిల్లాడి తెలివితేటలతో దీనికి సంబంధం లేదు. క్లాసు ఫస్టు వచ్చేవాళ్లే తొందరగా లొంగుతారేమో అని నాకనిపిస్తుంది. పోయే పరువు వాళ్లకే ఎక్కువ. ఈ మొత్తంలో అసలు పట్టు ఫోటో దగ్గర లేదు, ‘ఇంట్లో చెప్పకు’ అన్న మాట దగ్గర ఉంది. ఆ మాటని పిల్లాడు నమ్మాలంటే, ఇంట్లో చెబితే అంతకంటే పెద్ద గొడవ అవుతుందని వాడికి ముందే అనుభవం ఉండాలి. ఆ అనుభవం మనమే ఇస్తాం.

బ్రాంచిలో ఇది మనకి బాగా తెలుసు. ఓటీపీ చెప్పి మోసపోయిన కస్టమర్ వచ్చినప్పుడు, “చదువుకున్నవారు కదా, ఎలా చెప్పారండీ?” అని మొదలుపెట్టే మేనేజరు ఉంటాడు. ఆయన చెప్పేదానిలో తప్పు లేదు. ఆ క్లాసు అయ్యేలోపు డబ్బు మూడు ఖాతాలు దాటిపోతుంది. ఇంకొకాయన కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చి, ముందు 1930కి ఫోన్ కలుపుతాడు. పిల్లాడు వచ్చి “నాన్నా, ఒకటయింది” అన్నప్పుడు మనం ఈ రెండో మేనేజరు కావాలి. “చెప్పి మంచి పని చేశావు. ఇది నువ్వు చేసిన నేరం కాదు, నీ మీద జరిగిన నేరం. ఇకమీద వాడితో నువ్వు మాట్లాడక్కర్లేదు, నేను చూసుకుంటాను.” మందలింపు ఏదైనా ఉంటే వారం తరవాత. ఇలాంటి బెదిరింపుల్లో పిల్లలు ప్రాణం తీసుకున్న సందర్భాలు మన దేశంలోనూ, బయటా ఉన్నాయి. ఆ రాత్రి పిల్లాణ్ణి ఒంటరిగా గదిలో వదలకండి.

తరవాత ఏం చెయ్యాలో నా మిత్రుడికి ఫోన్లోనే చెప్పాను. మీకూ అదే వరసలో చెబుతాను.

ఇంకొక్క రూపాయి పంపొద్దు. పంపితే వదిలేస్తారనుకోవడం భ్రమ. పంపేవాడని తెలిసిపోతుంది, అంతే. కోపంతో ఖాతా డిలీట్ చెయ్యొద్దు, చాట్ చెరపొద్దు. బెదిరింపు మెసేజిలకి స్క్రీన్‌షాట్లు తియ్యండి. అందులో కనిపించే పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు కాబట్టి దాని వెనక ఉండే యూజర్ ఐడీ, ప్రొఫైల్ లింకు, ఫోన్ నంబరు రాసుకోండి. డబ్బు పంపిన ప్రతి లావాదేవీకీ యూటీఆర్ నంబరు, అవతలి యూపీఐ ఐడీ, తేదీ, సమయం కావాలి. ఈ ముక్క మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇవన్నీ భద్రపరిచాక ఆ ఖాతాని యాప్‌లోనే రిపోర్టు చేసి, బ్లాక్ చెయ్యండి.

పిల్లల ఫోటో విషయంలో మాత్రం జాగ్రత్త. సాక్ష్యం కదా అని దాన్ని బావమరిదికో, లాయరు స్నేహితుడికో వాట్సాప్‌లో పంపకూడదు, కాపీలు తియ్యకూడదు. ఫోను అలాగే ఉంచి పోలీసులకి చూపించండి. పిల్లల అశ్లీల చిత్రాలను ఎవరు, ఎవరికి పంపినా ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరం. మొదటిసారికే అయిదేళ్లదాకా జైలు, పది లక్షలదాకా జరిమానా. లైంగిక ఉద్దేశంతో ఆన్‌లైన్‌లో పిల్లలతో పరిచయం పెంచుకోవడమూ అదే సెక్షన్‌లో నేరంగా ఉంది. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇంకాస్త గట్టిగా చెప్పింది. ఇలాంటివి దగ్గర పెట్టుకుని ‘నేనెవరికీ పంచలేదు కదా’ అంటే సరిపోదంది. వీటిని ‘చైల్డ్ పోర్నోగ్రఫీ’ అనడమే తప్పని, పిల్లల మీద జరిగే దోపిడీగా, దాడిగా చెప్పే మాటలు వాడాలని కూడా అంది. పిల్లలు అసలు ఫోటోయే పంపకపోయినా, స్కూలు ఫోటోలోంచి మొహం తీసి కంప్యూటర్‌తో తయారుచేసిన బొమ్మ అయినా, 2019 సవరణ తరవాత పోక్సో నిర్వచనంలోకి వస్తుంది. ఏఐ వచ్చాక ఈ రకం పెరుగుతోంది కాబట్టి ఇది పిల్లలకి చెప్పి ఉంచండి. ‘నేను పంపలేదు, అయినా నా ఫోటో ఉంది’ అని హడలిపోయే పిల్లకి ఆ ఒక్క ముక్క కొండంత ధైర్యం.

డబ్బు పోయి ఉంటే ముందు 1930. తరవాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్లో ఫిర్యాదు. అందులో మహిళలు, పిల్లల మీద నేరాలకి విడిగా ఒక విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చెయ్యొచ్చు. పిల్లాడితో మాట్లాడేవాళ్లు, దారి చూపేవాళ్లు కావాలంటే చైల్డ్‌లైన్ 1098, పగలూ రాత్రీ ఉంటుంది. ప్రాణాపాయం అనిపిస్తే 112. తెలంగాణలో ఉన్నవాళ్లకి షీ టీమ్స్, భరోసా కేంద్రాలు కూడా ఉన్నాయి. ఫోటో బయటికి వెళ్తుందన్న భయానికి ఎన్‌సీఎంఈసీ వాళ్లదే ‘టేక్ ఇట్ డౌన్’ అని ఒక ఉచిత సేవ ఉంది. ఫోటో మన ఫోన్లోంచి బయటికి పోదు. దాని నుంచి వేలిముద్రలాంటి ఒక కోడు తయారై అదొక్కటే వెళ్తుంది. అందులో చేరిన కంపెనీలు ఆ కోడు పోల్చుకుని, తమ వేదికల మీద ఆ బొమ్మ ఉంటే తీసేస్తాయి.

ఇదంతా విని మిత్రుడు చివర్లో అడిగింది ఒకటే. “స్టేషన్‌కి వెళ్లాలా? చిన్న ఊరురా. మేనేజరు కొడుకు అంటే తెల్లారేసరికి అందరికీ తెలిసిపోతుంది.” అందరి భయం ఇదే. అందుకే చట్టంలో ఉన్నది కాస్త వివరంగా రాస్తాను. పోక్సో 2012 నాటి చట్టం. 18 ఏళ్లు నిండని వాళ్లంతా, ఆడైనా మగైనా, దాని కింద పిల్లలే. బాధిత పిల్లల వాంగ్మూలం ఇంట్లోనో, వాళ్లు కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి. యూనిఫాంలో రాకూడదు. ఏ కారణంతోనైనా పిల్లల్ని రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. ఈ హక్కులు మనకున్నాయని మర్యాదగానే, గట్టిగా చెప్పొచ్చు. ఇంకో వైపు, నేరం జరిగిందని తెలిసీ పోలీసులకి చెప్పకపోవడం అదే చట్టం కింద శిక్షార్హం. పిల్లలకి మాత్రం ఆ శిక్ష వర్తించదు. ‘గుట్టుగా సర్దుకుందాం’ అనే దారిని చట్టం ఉంచలేదు. మొదట విన్నప్పుడు నాకూ కొంచెం కటువుగా అనిపించింది. కానీ సర్దుకున్న ప్రతి ఇంటి తరవాత వాడు ఇంకో ఇంటి తలుపు తడతాడు కదా.

ఇక ముందు జాగ్రత్తలు. ఇక్కడ నా ఇంటి సంగతి చెప్పాలి. మా అమ్మాయికి పదకొండేళ్లప్పుడు ఇన్‌స్టాగ్రామ్ కావాలని ఏడిస్తే, వాళ్ల నిబంధన ప్రకారం 13 నిండాలి కాబట్టి, పుట్టిన సంవత్సరం మార్చి ఖాతా తెరిచి ఇచ్చింది నేనే. బ్రాంచిలో ఎవరైనా తప్పు జనన తేదీతో ఖాతా తెరిస్తే ఆడిట్‌లో వాణ్ణి ఏం చేస్తారో మనకి తెలుసు. ఈ తప్పుకి ధర ఉంది. ఇన్‌స్టాగ్రామ్ టీనేజీ పిల్లల ఖాతాలకి 2025 నుంచి మన దేశంలో వేరే ఏర్పాటు పెట్టింది. ఖాతా దానంతటదే ప్రైవేటుగా ఉంటుంది, పరిచయం లేనివాళ్లు మెసేజి పెట్టలేరు, 16 లోపు వాళ్లు ఈ రక్షణలు సడలించుకోవాలంటే పెద్దల అనుమతి కావాలి. పందొమ్మిదేళ్లని రాసిన పిల్లకి ఇవేవీ రావు. వాళ్ల లెక్కలో అది పెద్దమనిషి. నేను వెళ్లి సరిచేశాను. మీరూ ఒకసారి చూడండి. వాట్సాప్‌లో ఫోటో ఎవరు చూడొచ్చు, గ్రూపుల్లో ఎవరు చేర్చొచ్చు అన్న రెండు సెట్టింగులూ, ఆటల్లో కొత్తవాళ్లతో మాట్లాడే వీలూ, వీటికి కలిపి పావుగంట చాలు.

మన స్టేటస్‌లు కూడా చూసుకోవాలి. ‘చిన్నోడికి ఫలానా స్కూల్లో సీటొచ్చింది’ అని యూనిఫాంలో ఫోటో, వెనక స్కూలు బోర్డు. ‘వచ్చే వారం ఫలానా ఊరికి ట్రాన్స్‌ఫర్’ అని ఇంకోటి. పిల్లాడితో మాట కలపడానికి కావలసినవన్నీ మనమే పళ్లెంలో పెట్టి ఇస్తున్నాం. అలాగని ప్రమాదమంతా ముక్కూ మొహం తెలియనివాళ్ల నుంచే అనుకోకండి. పిల్లల మీద అత్యాచారం కేసుల్లో నిందితులు 90 శాతానికి పైగా తెలిసినవాళ్లేనని ఎన్‌సీఆర్‌బీ లెక్కలు ఏటా చెబుతూనే ఉన్నాయి. ట్యూషన్ మాస్టారు రాత్రి పదకొండింటికి విడిగా మెసేజి పెడుతుంటే, అది కూడా అడగాల్సిన ప్రశ్నే.

మిత్రుడి ఫోన్ వచ్చిన మర్నాడు మా అమ్మాయిని కూర్చోబెట్టి అరగంట మాట్లాడాను. చాలా బాగా మాట్లాడాననుకున్నాను. అంతా విని “అయిపోయిందా నాన్నా?” అంది. హెడ్డాఫీసు సర్క్యులర్ చదివి వినిపించినట్టుందని మా ఆవిడ తరవాత చెప్పింది. రెండు రోజులకి బట్టలు మడత పెడుతూ తనే మామూలుగా అడిగింది. “మీ క్లాసులో ఎవరికైనా తెలియనివాళ్ల మెసేజిలు వస్తాయా?” అని. తన సంగతి అడిగితే చెప్పని పిల్ల, స్నేహితురాళ్ల సంగతులు గంటసేపు చెప్పింది. ఎవరికి ఎవరు ఏం పంపారో, ఎవరు ఏడ్చారో, ఎవరు ఎవరికీ చెప్పలేదో. ఆ ‘స్నేహితురాళ్ల’లో తనూ ఉందేమో మాకు తెలియదు. అడగలేదు.

ఇంకొక్క మాట, ఇది ఇంటిది కాదు, సీటుది. ఆ ఏడు లావాదేవీల డబ్బు చేరిన ఖాతాలు అద్దె ఖాతాలు, మన భాషలో మ్యూల్ ఖాతాలు. ఎవడో నిరుద్యోగి, ఎవడో కాలేజీ కుర్రాడు రెండు వేలకో మూడు వేలకో తన పాస్‌బుక్కు, సిమ్ కార్డు ఇచ్చేసినవి. అయినా అవి ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఏదో ఒక బ్యాంకులో, మనలాంటి ఒకరు ఆధార్ చూసి, సంతకం తీసుకుని తెరిచారు. మార్చిలో టార్గెట్ కోసం ఒకే రోజు నలభై ఖాతాలు తెరిచిన రోజులు నాకూ ఉన్నాయి. కాబట్టి కొత్తగా తెరిచిన ఖాతాలోకి దేశం నలుమూలల నుంచి చిన్న చిన్న మొత్తాలు వచ్చి, నిమిషాల్లో ఖాళీ అవుతున్నాయని అలర్ట్ వస్తే, దాన్ని పెండింగ్ తగ్గించుకోవడానికి క్లోజ్ చెయ్యకండి. అవతల ఒక పిల్లాడు అర్ధరాత్రి వాళ్లమ్మ ఫోను పట్టుకుని కూర్చుని ఉండొచ్చు.

మిత్రుడి ఇంట్లో విషయానికొస్తే, చివరి రెండు లావాదేవీల మొత్తం 1930 ఫిర్యాదు వల్ల అవతలి ఖాతాలో హోల్డ్ అయింది. మొదటి అయిదూ పోయాయి. వాంగ్మూలానికి ఒక మహిళా ఎస్సై మామూలు చీరలో వాళ్లింటికే వచ్చిందట. టీ తాగి, ముందు పావుగంట అబ్బాయితో క్రికెట్ గురించి మాట్లాడిందట. ఫోటో ఎవరికీ వెళ్లినట్టు ఇప్పటిదాకా కనపడలేదు. కేసు నడుస్తోంది. రాత్రి తొమ్మిదిన్నరకి ఆ ఇంట్లో ఫోన్లు హాల్లో టీవీ పక్కన చార్జింగ్‌కి పెడుతున్నారు. ముగ్గురివీ. రాత్రి తొమ్మిది తరవాత నాకేమైనా పనుంటే వాళ్ల ల్యాండ్‌లైన్‌కి చెయ్యమన్నాడు.